తెలుపు పైన, ఎరుపు కింద

మా అక్క మనవరాలికి కూచిపూడిలో పది రోజుల నాట్య శిక్షణ. వాళ్లమ్మకి సెలవు దొరక్క తోడుగా నేను వెళ్లాను. హైదరాబాదులో రాత్రి బస్సెక్కి, బెజవాడలో తెల్లవారి, అక్కణ్ణుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. ఈ దారి తెలియని వాళ్లెవరు? పామర్రు దాటి కూచిపూడి వైపు తిరిగాక మాత్రం కాస్త ప్రాణం లేచొచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. కాలవల్లోకి అప్పుడే వదిలిన నీళ్లు, ఎర్రగా, వడిగా. తర్వాత నాలుగు రోజులూ పిల్లని క్లాసులో దింపడం, తీసుకురావడం, దోమలతో వేగడం. వాటి గురించి రాసేదేమీ లేదు.

ఐదో రోజు రాత్రి పిల్ల పంద్రాగస్టు ఉపన్యాసం బట్టీ పడుతోంది. బళ్లో చెప్పాలట, రెండు వారాలే ఉందట. మంచం మీద బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఊపుతూ, ఒకటే రాగంలో చదువుతోంది. "1921లో బెజవాడ కాంగ్రెస్ సభలో పింగళి వెంకయ్య గారు మూడు గంటల్లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండా తయారుచేయగా, సభ దానిని ఆమోదించెను."

విని ఊరుకోలేకపోయాను. మూడు గంటలన్నది నిజం. వెంకయ్య గారన్నది నిజం. మిగతాదాంట్లో చాలా తప్పు. కాషాయం లేదు, ఆ రోజు తెలుపూ లేదు, సభ ఆమోదించనూ లేదు. అదే మాట అన్నాను.

"మా మిస్ రాసిచ్చారు చిన్నమ్మమ్మా" అంది. ఇంక దానికి అప్పీలు లేదన్నట్టు పుస్తకం మూసి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల మీద కోపం కాదు, రాసిచ్చిన ఆవిడ మీదా కాదు. నేను చదివే రోజుల్లోనూ ఇలాగే చెప్పారు. ఎంతో కష్టపడి, మార్చి మార్చి తయారైన వస్తువుని ఒక్క వాక్యంలో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు చెప్పేస్తారు. అందులో ఉన్న మంచి సంగతి అంతా ఆ ఒక్క వాక్యంలోనే పోతుంది. వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు ఎక్కడో లేదు, ఇదే మొవ్వ మండలం. ఆటోలో వెళ్లిరావచ్చు. పొద్దున్నే పిల్లని క్లాసులో వదిలేసి బయల్దేరాను.

సెంటర్లో ఆటో అతను వెళ్లిరావడానికి 400 అన్నాడు. ఇంత దగ్గరికి 400 ఏమిటని అడిగితే, "అక్కడ నిలబడాలి కదండీ, తిరుగు బేరం ఉండదు" అన్నాడు. చివరికి 300కి ఒప్పుకున్నాడు గానీ, దారంతా ఆ 100 పోయినందుకు నొచ్చుకుంటూనే ఉన్నాడు. గుంటలొచ్చినప్పుడల్లా, చూశారా ఈ రోడ్డు, అన్నట్టు వెనక్కి తిరిగి నా వైపు చూసేవాడు.

మొవ్వ పేరు వినగానే నాకు క్షేత్రయ్య గుర్తొస్తాడు, మువ్వగోపాలుడు గుర్తొస్తాడు. కూచిపూడి అంటే సిద్ధేంద్ర యోగి. ఈ రెండూళ్ల పక్కనే ఉన్న భట్లపెనుమర్రు పేరు మాత్రం ఆగస్టులో తప్ప ఎవరికీ గుర్తు రాదు. 1876 ఆగస్టు 2న వెంకయ్య గారు పుట్టింది అక్కడ. బోయర్ యుద్ధం రోజుల్లో దక్షిణాఫ్రికా వెళ్లారు, అక్కడే గాంధీ గారిని చూశారు. తిరిగొచ్చాక చేయని పని లేదు. జపనీస్ నేర్చుకుని జపాన్ వెంకయ్య అయ్యారు. కంబోడియా పత్తి మీద పనిచేసి పత్తి వెంకయ్య అయ్యారు. వజ్రాల మీద శ్రద్ధ పెట్టి డైమండ్ వెంకయ్య అయ్యారు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇన్ని పేర్లలో చివరికి నిలిచింది జెండా వెంకయ్య.

ఊళ్లో విగ్రహం దగ్గర ఆటో ఆగింది. పుట్టినరోజు దగ్గరకొస్తోందని కాబోలు చుట్టూ ఊడ్చి ఉంది. అరుగు మీద ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని నీళ్లు ఏ చేలోకి ముందు తిరగాలో మాట్లాడుకుంటున్నారు. నేను దణ్ణం పెట్టుకుని, పది నిమిషాలు నిలబడి వచ్చేశాను. ఎక్కడికో వెళ్తే ఏదో చూడాలనుకుంటాం. అక్కడ చూడ్డానికి ఉన్నది పచ్చటి చేలు, తాటిచెట్లు, మబ్బు. ఈ ఊరి పిల్లాడు కలకత్తా దాకా వెళ్లి, 1906 కాంగ్రెస్ సభలో మన వాళ్లు ఇంగ్లీషు వాళ్ల జెండా ఎగరేయడం చూసి మనసు కష్టపెట్టుకున్నాడంటే, ఆ కష్టం తర్వాత పదిహేనేళ్లు ఆయన్ని నిద్రపోనివ్వలేదంటే, ఆ చేల మధ్య నిలబడి తలుచుకుంటే గుండె బరువెక్కింది.

ఆటో ఎక్కబోతుంటే చేతిసంచి పట్టీ పుటుక్కున తెగింది. ఫోను, కళ్లద్దాల పెట్టె, నీళ్ల సీసా అన్నీ రోడ్డు మీద. ఆటో అతను అన్నీ ఏరి ఇచ్చి, "సెంటర్లో మనోడున్నాడండీ, రెండు నిమిషాల్లో కుట్టేస్తాడు" అన్నాడు. అంతసేపూ 100 రూపాయల కోసం ముఖం మాడ్చుకున్న మనిషి, ఆ నిమిషం నుంచి సొంత తమ్ముడిలా అయిపోయాడు.

టైలరు గారిది రేకుల వసారా. పాదంతో తొక్కే పాత మిషను, గోడకి వేలాడే జాకెట్లు, కింద గుడ్డముక్కల గుట్ట. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. సంచి తీసుకుని చూసి, "దారం బాగానే ఉందమ్మా, గుడ్డే చిరిగింది. లోపల ముక్కేసి కుట్టాలి, కూర్చోండి" అన్నారు. స్టూలు మీద కూర్చున్నాక చూశాను. మిషను మీద సగం కుట్టిన జెండా ఉంది. కాషాయానికి తెలుపు అతికి ఉంది, ఆకుపచ్చ ఇంకా విడిగా మడతపెట్టి పక్కన ఉంది.

"బజార్లో అచ్చేసిన జెండాలు దొరుకుతాయి కదా బాబాయ్ గారూ, ఇంకా కుట్టిస్తున్నారా?"

"రెండు మూడు బళ్ల వాళ్లు అడుగుతారమ్మా, పాత అలవాటు. పొడుగు మూడైతే వెడల్పు రెండు, ఆ లెక్క తప్పకూడదు. మూడు పట్టీలూ సమానం. కుట్టు లోపలికి మడిచి వెయ్యాలి, లేకపోతే గాలికి పోగులు లేస్తాయి. చక్రానికి రేకు అచ్చుంది, నీలం రంగు అద్దేస్తా." అలమర మీద నుంచి ఆ రేకు తీసి చూపించారు. ఇరవై నాలుగు ఆకులూ సన్నగా కోసిన రేకు. అంచుల్లో ఏళ్ల నాటి నీలం రంగు పేరుకుని గట్టిపడి ఉంది.

నేను వెంకయ్య గారి ఊరు చూసొస్తున్నానని చెప్పి, రాత్రి పిల్ల ఉపన్యాసం సంగతీ చెప్పాను. ఆయన మిషను ఆపేశారు.

"మూడు గంటల్లో అయిందంటారా?"

"అయింది. గాంధీ గారే రాశారు."

"ఎన్ని రంగులు?"

"ఆ రోజు రెండే. ఎరుపు, ఆకుపచ్చ. వాటి మీద చరఖా."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "రెండు రంగులైతే మధ్యలో ఒక్క కుట్టు. చుట్టూ మడత, తాడుకి గొట్టం. గంట చాలు. చరఖా దగ్గరే అంతా పోతుంది. గుడ్డ కోసి అతికించారా, రంగుతో వేశారా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న నాకెంత నచ్చిందో చెప్పలేను. జెండా గురించి ఇన్నాళ్లుగా ఎన్ని ఉపన్యాసాలు విన్నాను! అది ఎవరో ఒకరు కూర్చుని చేతులతో చేసిన వస్తువని ఆయన ఒక్కరే గుర్తు చేశారు. ఆ గీతలో వెంకయ్య గారికి సాయపడ్డది ఈరంకి వెంకటశాస్త్రి గారని, ఆయన బందరు కాలేజీలో డ్రాయింగు మాస్టారని చెబుతారు. అది చెబితే, "అదీ! డ్రాయింగు మాస్టారు లేకుండా చరఖా రాదు" అన్నారు ఎంతో తృప్తిగా.

తర్వాత అరగంట నేను చెప్పడం, ఆయన సంచి కుడుతూ అడగడం. ఆటో అతను కూడా వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. తిరుగు బేరం మాట మళ్లీ ఎత్తలేదు.

వెంకయ్య గారు 1916లోనే జాతీయ పతాకం ఎలా ఉండాలో చెబుతూ ముప్పై నమూనాలతో ఒక పుస్తకం అచ్చేశారు. తర్వాత కాంగ్రెస్ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి జెండా సంగతి ఎత్తేవారు. గాంధీ గారు 1921 ఏప్రిల్ 13న యంగ్ ఇండియా పత్రికలో ఈ సంగతంతా రాశారు. వెంకయ్య గారి పట్టుదల అంటే తనకు ఎప్పుడూ గౌరవమే గానీ, ఆ నమూనాల్లో జాతిని కదిలించేదేదీ తనకు కనిపించలేదని దాపరికం లేకుండా చెప్పేశారు. నాలుగేళ్లు తిరిగిన మనిషికి అచ్చులో వచ్చిన జవాబు అది. నేనైతే ఆ రోజే పెట్టే బేడా సర్దుకునేదాన్ని. ఆయన సర్దుకోలేదు.

చరఖా ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ గారిది. రాట్నానికి స్వరాజ్య జెండా మీద చోటుండాలని ఆయనన్నారు, అది గాంధీ గారి మనసుకి పట్టింది. బెజవాడలో 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చున్నప్పుడు, ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి, వాటి మీద చరఖా వేసి ఒక జెండా ఇవ్వమని వెంకయ్య గారిని అడిగారు. అదే సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కి కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల చరఖాలు అని తీర్మానం చేశారు. 20 లక్షల రాట్నాలు తిరగాలని ఒకవైపు తీర్మానిస్తుంటే, ఇంకోవైపు రాట్నం గుడ్డ మీదికి ఎక్కుతోంది. అందుకే ఆ బొమ్మ ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు ఉండదు.

మూడు గంటల్లో జెండా వచ్చింది. కానీ కాస్త ఆలస్యమైంది. కమిటీ ముందు పెట్టడానికి అందలేదు.

"అయ్యో!" అన్నారు టైలరు గారు. పెళ్లికి జాకెట్టు ముహూర్తం దాటాక అందినట్టు నిజంగా బాధపడ్డారు.

"ఆలస్యమైనందుకు గాంధీ గారు సంతోషించారు బాబాయ్ గారూ."

ఈ మాటే నేను రాత్రి పిల్లకి చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. ఆలస్యం కావడంతో ఆలోచించుకునే వీలు దొరికిందని, తీరిగ్గా చూసుకుంటే మిగతా మతాల వాళ్లకి ఆ గుడ్డ మీద చోటే లేదని తెలిసిందని ఆయన రాశారు. హిందూ ముస్లిం ఐక్యత అంటే మిగతా వాళ్లని బయట నిలబెట్టడం కాదు కదా. అందుకని తెలుపు చేర్చారు. చేర్చడమే కాదు, వరస కూడా చెప్పారు. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు. సంఖ్యలో అందరికంటే తక్కువ ఉన్నవాళ్లు ముందు, ఎక్కువ ఉన్నవాళ్లు చివర. బలమున్న వాళ్లు బలం లేని వాళ్లకి డాలులా నిలబడాలని. పట్టీలు మూడూ సమానం, ఎవరికీ ఎక్కువా తక్కువా లేదు. గుడ్డ మాత్రం ఖద్దరే కావాలి.

టైలరు గారు కాసేపు ఏమీ అనలేదు. గుడ్డముక్కల గుట్టలో చెయ్యి పెట్టి వెతికారు. లాల్చీ కోయగా మిగిలిన తెల్లముక్క, జెండాకి కోయగా మిగిలిన ఆకుపచ్చముక్క, జాకెట్టు లైనింగులోంచి ఎర్రముక్క. మూడింటినీ మోకాలి మీద ఒకదాని కింద ఒకటి పరిచి చూశారు.

"ఖద్దరుకి రంగు దిగుతుందమ్మా. ఇప్పటి పాలిస్టరుకి దిగదు గానీ, ఆ రోజుల్లో ఎరుపు రంగంటే, వానొచ్చిందా, కారిపోద్ది. ఇట్టా పెడితే," అని తెల్లముక్క మీద వేలు ఉంచారు, "నీళ్లు కిందికే కదా దిగేది? తెలుపు మీదికి ఏ రంగూ రాదు. ఎరుపు కారినా నేలమీదికే పోద్ది."

నాకు తెనాలి గుర్తొచ్చింది. మా బళ్లో పంద్రాగస్టుకి వాన పడని సంవత్సరం తక్కువ. డ్రిల్లు మాస్టారు ముందు రోజు సాయంత్రమే బంతిపూల రేకులు పెట్టి జెండాని మడిచి, ఒక రకం ముడి వేసేవారు. హెడ్మాస్టరు గారు తాడు లాగితే విప్పుకుని పూలు రాలాలి. ఒక ఏడాది ముడి బిగుసుకుపోయి, ఏడో తరగతి కుర్రాడు స్తంభం ఎక్కి విప్పాల్సి వచ్చింది. అప్పటికే తడిసి ముద్దైన పూలు ముద్దగానే కింద పడ్డాయి. ఆ జెండా ఖద్దరుది. ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారో గానీ, తెల్లపట్టీ పైసగం తెల్లగా ఉండేది కాదు. కాషాయం దిగి నారింజ చారలు పడి ఉండేది. చిన్నప్పుడు అదీ జెండాలో భాగమే అనుకునేదాన్ని. రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసినప్పుడు ఆ చారలు కూడా వేస్తే టీచరు కొట్టేశారు.

గాంధీ గారు వాన నీళ్ల గురించి ఆలోచించి ఆ వరస పెట్టలేదని నాకూ తెలుసు. అయినా ఆ వసారాలో ఆ ముసలాయన వేలు ఆ తెల్లముక్క మీద ఆనినప్పుడు, వందేళ్ల కిందటి మాట నాకు మొదటిసారి కంటికి కనిపించింది.

"మరి చరఖా?" అన్నాడు గుమ్మంలోంచి ఆటో అతను.

మూడు పట్టీల మీదా పరుచుకునేంత పెద్ద చరఖా వేయమన్నారని చెప్పాను. టైలరు గారు అప్పటికే మూడు ముక్కలూ మిషను కింద పెట్టేశారు. టకటకమని రెండు కుట్లు. తిప్పి, గోటితో కుట్టు నొక్కి, చదును చేసి, సుద్దముక్కతో చరఖా గీశారు. పెద్ద చక్రం ఒక చివర, కదురు ఒక చివర, మధ్యలో పీట. గీసి, గుడ్డని వెలుతురుకి ఎత్తి వెనక నుంచి చూశారు.

"ఇదో చిక్కుందమ్మా. అటు నుంచి చూసేవాళ్లకి తిరగబడుద్ది. కదురు ఇటొస్తది. రెండు పక్కలా ఒకేలా ఉండాలంటే చరఖా పనికిరాదు. చక్రమైతే ఎటు చూసినా చక్రమే."

నేను ఉలిక్కిపడ్డాను. 1947 జులై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం పెడుతూ నెహ్రూ గారు చెప్పింది సరిగ్గా ఇదే. చరఖాలో చక్రం ఒకవైపు, కదురు ఒకవైపు ఉంటాయి, జెండాని రెండో పక్క నుంచి చూస్తే అవి తారుమారవుతాయి, అందుకని చరఖాలోని చక్రాన్నే ఉంచుకుని, అశోకుడి సారనాథ్ స్తంభం మీది ధర్మచక్రం రూపం ఇచ్చామన్నారు. అంత పెద్ద సభలో తేలిన విషయం, కూచిపూడి సెంటర్లో ఒక టైలరు గారికి గుడ్డ వెలుతురుకి ఎత్తగానే తెలిసిపోయింది.

మధ్యలో జరిగింది కూడా అడిగారు, చెప్పాను. 1921 నమూనాని కాంగ్రెస్ లాంఛనంగా ఆమోదించకపోయినా, జనం మోశారు. 1923లో నాగపూర్‌లో ఆ చరఖా జెండా పట్టుకుని ఊరేగినందుకు జైళ్లు నిండాయి. తర్వాత ఏ రంగు ఎవరిది అన్న తగువు పెరిగింది. మా రంగేదని సిక్కులు అడిగారు. అది న్యాయమే. 1931లో ఏడుగురితో కమిటీ వేస్తే, దాన్ని నడిపింది మళ్లీ బందరు మనిషే, పట్టాభి సీతారామయ్య గారు. ఆ కమిటీ మొత్తం కాషాయం రంగు జెండా చెప్పింది. అది నిలవలేదు. ఆగస్టులో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అని, మధ్యలో నీలం చరఖా అని ఖాయం చేశారు. రంగులకి మతాలతో సంబంధం లేదన్నారు. కాషాయం ధైర్యానికి, త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి.

తగువు తీరాలంటే అలా చేయక తప్పలేదేమో. ఏ రంగూ ఏ మతానిదీ కాదన్నది మంచి మాటే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మార్పులో తెలుపు పై నుంచి మధ్యకి దిగింది, తక్కువున్నవాళ్లు ముందు అన్న వరస పోయింది. వరసతో పాటు ఆ వరస వెనకున్న మాట కూడా మరుగున పడింది. జెండా మారినందుకు నాకు బాధ లేదు. ఆ మాట మన పిల్లల ఉపన్యాసాల్లో ఎక్కడా వినపడనందుకే బాధ.

రెండేళ్ల కిందట బెజవాడలో బాపు మ్యూజియం చూశాను. విక్టోరియా రాణి జూబ్లీ పేరుతో కట్టిన భవనం, చాలామంది ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు. అల్లూరు బుద్ధుడి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పక్కన ఒక బడి పిల్లల గుంపు. వెంకయ్య గారు గాంధీ గారికి జెండా అందించింది ఇక్కడేనని వాళ్ల మాస్టారు చెబుతున్నారు. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు. ఆ జెండాలో ఏ రంగులున్నాయని ఒక్కరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. ఆ రోజు నోరు విప్పి ఉండాల్సింది.

సంచి తయారైంది. 30 రూపాయలన్నారు. మూడు ముక్కల జెండాకి ఎంతని అడిగితే తల అడ్డంగా ఊపారు.

"ముక్కలకి డబ్బులేంటమ్మా."

"కుట్టుకూలి?"

"రెండు కుట్లు. దానికేంటి." కాసేపాగి, "వెంకయ్య గారికేమైనా ఇచ్చారా దీనికి?" అని అడిగారు.

ఆయన చివరి రోజులు బెజవాడ చిట్టినగర్‌లో పేదరికంలోనే గడిచాయి, 1963 జులై 4న పోయారు. తన శవం మీద మూడు రంగుల జెండా కప్పమని, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకి కట్టమని కోరారని చెబుతారు. అది చెప్పాను. టైలరు గారు కళ్లజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. నేను 50 నోటు మిషను మీద పెట్టాను. ఆయన సొరుగులోంచి 20 తీసి నా చేతిలో పెట్టి, బళ్ల వాళ్ల జెండా కిందికి మళ్లీ వంగారు.

శిక్షణ అయిపోయి తిరుగు ప్రయాణంలో పామర్రులో బెజవాడ బస్సు ఎక్కాం. ఆదివారం, పెళ్లిళ్ల రద్దీ కూడా తోడై కూర్చోవడానికి చోటు దొరకడమే గగనమైంది. ఒక పెద్దావిడ ఒడిలో కరివేపాకు మోపు పెట్టుకుని మా పిల్లకి పక్కన కాస్త చోటిచ్చింది. నేను వెనక సీట్లో. పిల్ల సంచిలోంచి మూడు ముక్కల గుడ్డ తీసి కిటికీలో పట్టుకుంది. ఇన్ని రోజులూ దాన్ని చాలాసార్లు తీసి చూస్తూనే ఉంది. కథంతా నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. ఉపన్యాసం మారుస్తావా అంటే, మిస్‌ని అడగాలంది. సుద్దతో గీసిన చరఖా మడతల్లో చాలావరకు చెరిగిపోయి, చక్రం మాత్రం కొంచెం కనిపిస్తోంది.

ముందు సీట్లో ఒక కుర్రాడు, ఆరేళ్లుంటాయి, వాళ్లమ్మ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఏ దేశం జెండా అది?"

"మనదే" అంది మా పిల్ల.

వాడు నమ్మలేదు. "మనది ఇట్టా ఉండదు. చూపించు" అని చెయ్యి చాపాడు. పిల్ల ఇచ్చింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఎర్రటిది పైకి వచ్చేలా పట్టుకుని కాసేపు పరీక్షగా చూశాడు. అప్పుడు పర్వాలేదన్నట్టు తల ఊపి, "తలకిందులుగా పట్టుకున్నావ్. ఇట్టా పట్టుకోవాల" అన్నాడు.

ఉయ్యూరు వచ్చింది. వాళ్లమ్మ లేచి సంచులు సర్దుకుంటోంది. పిల్ల సీటు మీద నుంచి సగం లేచి, వాడి చేతిలో ఉండగానే గుడ్డని తిప్పింది.

"కాదు. తెలుపే పైన."